ఆత్మహత్యలు తగ్గాయా, గడి మారిందా? ఎన్‌సీఆర్‌బీకి ఒక బహిరంగ లేఖ

డైరెక్టర్ గారికి,
జాతీయ నేర రికార్డుల బ్యూరో, న్యూఢిల్లీ.
ప్రతులు: తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల నేర రికార్డుల బ్యూరోల అధిపతులకు.

నమస్కారం.

నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. టైమ్ సిరీస్ పాఠం వచ్చినప్పుడు వర్షపాతం, బంగారం ధరలతో పాటు మీ బ్యూరో ఏటా ఇచ్చే ‘ప్రమాద మరణాలు, ఆత్మహత్యలు’ నివేదికలోని పట్టికలు కూడా బోర్డు మీద రాస్తాను. మా పిల్లల్లో చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లలో కొందరికి ఆ పట్టికల్లోని అంకె తమ వీధిలోనో, తమ ఇంట్లోనో జరిగిన సంగతి. అందుకే ఆ పాఠం చెప్పేటప్పుడు లెక్క తప్పకూడదని జాగ్రత్త పడతాను. కానీ ఎంత జాగ్రత్త పడినా ఒక ప్రశ్న దగ్గర ఆగిపోవాల్సి వస్తోంది. పట్టికలో కనిపిస్తున్న మార్పు జనం బతుకుల్లో వచ్చిందా, లేక పోలీసు స్టేషన్‌లో ఫారం నింపే పద్ధతిలో వచ్చిందా? మీరు అచ్చువేసే నివేదికతో ఈ రెండింటినీ విడదీయడం కుదరదు. విడదీయడానికి కావలసిన వివరాలు మీ దగ్గర ఉన్నాయి. వాటిని పేర్లు తీసేసి బయట పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం.

1967 నుంచి ఏటా వస్తున్న వరుస ఇది. ఇంత పొడవైన రికార్డు చాలా దేశాలకు లేదు. దాన్ని తీసిపారేసే ఉద్దేశం నాకు లేదు. విలువైనది కాబట్టే ఈ పట్టుదల.

ముందు మొత్తం సంఖ్య చూద్దాం. 2017లో 1,29,887. 2019లో 1,39,123. 2020లో 1,53,052. 2021లో 1,64,033. 2022లో 1,70,924. 2023లో 1,71,418. లక్ష జనాభాకు లెక్కేస్తే 2017లో 9.9, 2022లో 12.4, 2023లో 12.3. కోవిడ్ కాలంలో పెరిగిందనీ, ఆ తర్వాత కూడా దిగలేదనీ ఎవరికైనా అర్థమవుతుంది. ఇంతవరకు పేచీ లేదు. అయితే ఆ 12.4లో కింద ఉన్న హారం మాత్రం 2011 జనగణన నుంచి వేసిన అంచనా. 1881 నుంచి పదేళ్లకోసారి తప్పకుండా జరిగిన జనగణన 2021లో తప్పింది, ఇప్పుడు 2027కు వెళ్లింది. దేశం మొత్తానికి అంచనా జనాభాతో పెద్ద తేడా రాకపోవచ్చు. ‘18 నుంచి 30 ఏళ్ల లోపు, పల్లెలో ఉండే, రోజుకూలీ చేసే మగవాళ్లు’ అన్నంత చిన్న గుంపులోకి దిగితే మాత్రం హారం ఎంతో ఎవరికీ తెలియదు. కాబట్టి మీ నివేదికలో వృత్తుల వారీగా కనిపించేవన్నీ మొత్తంలో ఎంత శాతం అన్న వాటాలే, లక్షకు ఎంతమంది అన్న రేట్లు కావు. టీవీ చర్చల్లో ఈ తేడా ఎవరూ పట్టించుకోరు. మీ నివేదిక కూడా పెద్దగా పట్టించుకున్నట్టు కనబడదు.

ఇక అసలు గొడవ 2014 దగ్గర మొదలవుతుంది.

ఆ ఏడాది మీరు వృత్తుల పట్టికను మార్చారు. అంతకుముందు ‘వ్యవసాయంలో స్వయం ఉపాధి’ అనే ఒకే గడి ఉండేది. దాన్ని రైతులు, వ్యవసాయ కూలీలు అని రెండు చేశారు. రోజుకూలీలకు విడిగా గడి పెట్టారు. ఆలోచన మంచిదే, ఎవరూ కాదనరు. ఫలితం చూడండి. 2013లో వ్యవసాయంలో స్వయం ఉపాధి కింద 11,772 మంది ఉన్నారు. 2014లో రైతుల గడిలో 5,650 మంది, వ్యవసాయ కూలీల గడిలో 6,710 మంది. రైతు ఆత్మహత్యలు ఒక్క ఏడాదిలో సగానికి పడిపోయాయని కొందరు సంబరపడ్డారు. అదే ఏడాది ‘ఇతరులు’ అనే గడి 24,809 నుంచి 41,216కు ఎగబాకింది. కర్ణాటకలో రైతుల సంఖ్య 1,403 నుంచి 321కి దిగితే, అక్కడి ‘ఇతరులు’ 245 శాతం పెరిగారు. పాత్రికేయుడు పి.సాయినాథ్ ఆ సమయంలోనే ఈ విషయం బయటపెట్టారు. ఆ వివాదం ఇప్పుడు పాతబడింది. నాకు కావలసింది దాని తర్వాతి కథ, ఎందుకంటే అది ఇంకా నడుస్తోంది.

2014లో రోజుకూలీల గడిలో 15,735 మంది ఉన్నారు, మొత్తంలో 12 శాతం. 2021 వచ్చేసరికి 42,004 మంది, 25.6 శాతం. ఏడేళ్లలో రెండున్నర రెట్లు దాటింది. దేశం మొత్తం పెరుగుదల 32,367 అయితే, అందులో 26,269 ఈ ఒక్క గడిలోనే ఉంది. ఈ అంకెలు చూపించి, కూలీల బతుకు చితికిపోయిందని వ్యాసాలు వచ్చాయి. నేనూ నమ్మాను, ఇప్పటికీ చాలావరకు నమ్ముతున్నాను. నోట్ల రద్దు, లాక్‌డౌన్, పనుల్లేని నెలలు ఇవన్నీ కూలీ మీదే ముందు పడ్డాయి. కానీ ఇదే కాలంలో ‘ఇతరులు’ గడి 41,216 నుంచి 23,547కు తగ్గింది. అంటే 17,669 మంది ఆ గడి ఖాళీ చేశారు. వాళ్లెక్కడికి వెళ్లారు? 2014లో కొత్త ఫారం చేతికొచ్చిన రైటర్, అంటే స్టేషన్‌లో రాతపని చూసే పోలీసు, తికమకపడి ‘ఇతరులు’ అని రాసినవాళ్లను, అలవాటయ్యాక ‘రోజుకూలీ’ అని రాయడం మొదలుపెడితే, ఏ కూలీ కుటుంబంలోనూ ఏమీ మారకుండానే గ్రాఫ్ పైకి లేస్తుంది. ఆ 26,269లో నిజమైన పెరుగుదల ఎంత, గడి మారినవాళ్లెంత? గడి మారినవాళ్లు తక్కువలో తక్కువ పదో వంతు కావచ్చు, ఎక్కువలో ఎక్కువ మూడింట రెండు వంతులు కావచ్చు. అచ్చయిన పట్టికల్లోంచి ఇంతకంటే ముందుకు పోలేం.

ఇప్పుడు మా ఇంటి లెక్కకు వస్తాను.

2015లో తెలంగాణలో వ్యవసాయ రంగంలో 1,400 ఆత్మహత్యలు నమోదయ్యాయి. అందులో రైతులు 1,358, వ్యవసాయ కూలీలు 42. 2021లో మొత్తం 359, అందులో రైతులు 352. ఆరేళ్లలో నాలుగో వంతుకు వచ్చింది. ఏ ప్రభుత్వమైనా ఇలాంటి గ్రాఫ్‌ను ఫ్లెక్సీ మీద వేసుకుంటుంది. అయితే రాష్ట్రంలో మొత్తం ఆత్మహత్యల రేటు 2015లో లక్షకు 27.7, 2021లో 26.9. అది దాదాపు ఉన్నచోటే ఉంది. రైతులు తగ్గితే మొత్తం ఎందుకు తగ్గలేదు? 2021లో తెలంగాణలో నమోదైన 10,171 మందిలో 4,223 మంది రోజుకూలీలు. అంటే నూటికి 41 మందికి పైనే. దేశం సగటు 25.6. కూలీలు ఇక్కడ అంత ఎక్కువ కష్టంలో ఉన్నారనుకోవాలా? ఉన్నా ఉండొచ్చు. మరి వ్యవసాయ కూలీల గడిలో రాష్ట్రం మొత్తానికి ఏడుగురే ఏమిటి? వరి నాట్ల కాలంలో తెలంగాణ పల్లెల్ని ఒక్కసారి చూసినవాళ్లెవరూ ఈ ఏడును నమ్మరు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది వ్యవసాయ రంగంలో 1,065 మంది ఉంటే, అందులో రైతులు 481, వ్యవసాయ కూలీలు 584. నిన్నమొన్నటి దాకా ఒకే రాష్ట్రం, ఒకే పోలీసు శిక్షణ, ఒకే రకం పంటలు. నది దాటితే 584, ఇవతల ఏడు. సరిహద్దుకు రెండువైపులా ఫారం నింపే అలవాటు వేరు కాబట్టే ఇంత తేడా అని నా అనుమానం. బతుకుల్లో ఇంత తేడా ఉండదు.

ఇందులో కౌలు రైతు సంగతి ముఖ్యం. మీ నిర్వచనం బాగానే ఉంది. సొంత భూమి సాగుచేసినా, కౌలుకు తీసుకుని సాగుచేసినా రైతే అని మీరు రాశారు. స్టేషన్‌లో జరిగేది వేరు. పంచనామా రాసే ఎస్సై గానీ, రైటర్ గానీ ముందు అడిగేది పట్టాదారు పాసుపుస్తకం. అది లేదంటే ‘కూలీ’ అని రాసేస్తారు. కౌలు ఒప్పందం నోటిమాట, కాగితం ఉండదు. 2011లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన సాగుదారుల చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద సాగు హక్కు పత్రాలు ఇస్తున్నారు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు భూమి ఉన్నవాళ్లకే వెళ్లింది. ఏ జాబితాలోనూ పేరు లేని కౌలు రైతు, చనిపోయాక మీ జాబితాలో రైతుగా కనిపిస్తాడనుకోవడం అత్యాశ.

దీనికి డబ్బు లెక్క కూడా తోడైంది. 2004 నాటి 421 జీవో, దాని తర్వాత తెలంగాణలో 2015 నాటి 194 జీవో ప్రకారం రైతు ఆత్మహత్య అని తేలితే కుటుంబానికి పరిహారం వస్తుంది. తెలంగాణలో అది 6 లక్షలు. తేల్చేది తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి ఉండే మండల కమిటీ, ఆపైన డివిజన్ స్థాయి కమిటీ. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం, అప్పు కాగితాలు, పాసుపుస్తకం అన్నీ కావాలి. అందువల్ల ఎఫ్‌ఐఆర్‌లో ‘రైతు’ అనే మాట ఉండాలని కుటుంబం పట్టుబట్టేది, రైతు సంఘాలు స్టేషన్ ముందు కూర్చునేవి. 2018 ఆగస్టులో రైతుబీమా వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా 5 లక్షలు. కుటుంబానికి అది నిజంగా గొప్ప ఊరట, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. దాని పక్క ప్రభావం గణాంకాల మీద పడి ఉండొచ్చు. ఏ కారణమైనా డబ్బు వస్తున్నప్పుడు, రైతు ఆత్మహత్య అని రాయించుకోవడానికి ఎవరు తిరుగుతారు? రైతుబంధు, నీళ్లు, కరెంటు వల్ల నిజంగానే కొన్ని ప్రాణాలు నిలిచి ఉంటాయి. అది ఎంత, రాయించుకోకపోవడం ఎంత? 2018 ఆగస్టుకు ముందు, తర్వాత నెలవారీ, జిల్లావారీ రికార్డులు ఇస్తే ఎంఎస్సీ విద్యార్థి కూడా మూడు వారాల్లో ఒక జవాబు చెప్పగలడు.

ఇంకో సంగతి. 2015 నివేదికలో రైతుల ఆత్మహత్యలకు కారణాలు విడిగా ఇచ్చారు. అందులో 38.7 శాతానికి అప్పులే కారణమని ఉంది. తర్వాత ఆ పట్టికే మాయమైంది. ఎందుకని పార్లమెంటులో అడిగితే, చాలా రాష్ట్రాలు రైతు ఆత్మహత్యలు ‘సున్నా’ అని పంపుతున్నాయి, అందుకే జాతీయ స్థాయిలో కారణాల డేటా నిలబడేది కాదు, ప్రచురించలేదు అని 2020 సెప్టెంబరులో అప్పటి హోంశాఖ సహాయ మంత్రి జి.కిషన్‌రెడ్డి గారు రాజ్యసభకు రాతపూర్వకంగా చెప్పారు. సున్నా పంపిన రాష్ట్రాల తప్పుకు, సరిగ్గా రాసి పంపిన రాష్ట్రాల లెక్క కూడా దాచిపెట్టడం ఏం న్యాయమో నాకర్థం కాలేదు. సున్నాలను సున్నాలుగానే అచ్చువేయండి, చదివేవాళ్లు తేల్చుకుంటారు. ఉత్తరప్రదేశ్‌లో దేశ జనాభాలో 16.9 శాతం ఉన్నా, 2022 ఆత్మహత్యల్లో దాని వాటా 4.8 శాతమే అని మీ నివేదికే రాసింది. బిహార్‌లో ఆ ఏడాది 702. మూడు కోట్ల ఎనభై లక్షల మంది ఉండే తెలంగాణలో 9,980, ఇరవై మూడు కోట్ల ఉత్తరప్రదేశ్‌లో 8,176. దక్షిణాదిలో ఎక్కువ అన్నది కొంత నిజమే. దానికి మీ లెక్కతో పనిలేని వేరే ఆధారం కూడా ఉంది. జనగణన చేసే రిజిస్ట్రార్ జనరల్ నమూనా సర్వేలో ఇంటింటికీ వెళ్లి మరణ కారణాలు అడిగిన అధ్యయనం 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. జనాభాలో 22 శాతం ఉన్న నాలుగు దక్షిణాది రాష్ట్రాల్లో దాదాపు 40 శాతం ఆత్మహత్యలు ఉన్నాయని అది తేల్చింది. కానీ బిహార్ కంటే తెలంగాణలో రేటు 40 రెట్లు ఎక్కువ అని ఆ అధ్యయనం చదివిన ఎవరూ అనరు. కొన్ని రాష్ట్రాల్లో మనుషులు చనిపోతున్నారు, కేసు కట్టడం లేదు.

ఆ అధ్యయనం దగ్గరే ఆడవాళ్ల లెక్క కూడా ఉంది. 2010లో దేశంలో 15 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 1,87,000 మంది ఆత్మహత్య చేసుకున్నారని దాని అంచనా. మగవాళ్లు 1,15,000, ఆడవాళ్లు 72,000. మీ లెక్కలో ఆ ఏడాది మగవాళ్లు 87,180, ఆడవాళ్లు 47,419. మగవాళ్లలో నలుగురిలో ఒకరు మీ పుస్తకానికి ఎక్కలేదు. ఆడవాళ్లలో ముగ్గురిలో ఒకరు ఎక్కలేదు. కారణం మన ఊళ్లల్లో ఎవరినడిగినా చెబుతారు. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల చనిపోతే తహసీల్దారు వచ్చి పంచనామా చేయాలి, వరకట్నం మాట వస్తుంది, అత్తింటివాళ్లు జైలుకు పోతారు. పెద్దమనుషులు కూర్చుని ప్రమాదమనో, జబ్బనో తేల్చేస్తారు. పుట్టింటివాళ్లు కూడా మిగతా పిల్లల పెళ్లిళ్లు తలుచుకుని ఊరుకుంటారు. కాబట్టి మీ పట్టికలో ఆడవాళ్ల వాటా 2021లో 27.4 శాతం అని కనిపించినప్పుడు, ఆత్మహత్య మగవాళ్ల సమస్య అని వెంటనే రాసేయడం తొందరపాటు. 2016లో ప్రపంచంలో ఆత్మహత్యతో చనిపోయిన ఆడవాళ్లలో 36.6 శాతం మన దేశం వాళ్లే అని మరో పెద్ద అధ్యయనం 2018లో చెప్పింది. 1990లో అది 25.3.

నమోదైన ఆడవాళ్ల వృత్తి చూస్తే మరీ విడ్డూరం. 2021లో నమోదైన 45,026 మంది మహిళల్లో 23,179 మంది గృహిణులు, అంటే సగానికి పైన. రైతుల గడిలో ఉన్న 5,318 మందిలో ఆడవాళ్లు 211. వ్యవసాయ కూలీల గడిలో 5,563 మందికి 442. పత్తి ఏరేది, మిరపకాయ కోసేది, నాట్లు వేసేది, కలుపు తీసేది ఎవరో మీకు ఢిల్లీలో తెలియకపోవచ్చు, ఫారం నింపిన రైటర్‌కు తెలుసు. వాళ్లమ్మ కూడా ఆ పనులు చేసే ఉంటుంది. అయినా భూమి భర్త పేరు మీద ఉంది కాబట్టి ‘గృహిణి’. గృహిణుల ఆత్మహత్యలు పెరుగుతున్నాయని మీడియాలో ఏటా వచ్చే కథనాలకు ఇదే పునాది. వాళ్లలో అప్పుల సంఘాల్లో చిక్కుకున్న మహిళా రైతులెందరో, నిజంగా ఇంటిపట్టునే ఉన్నవాళ్లెందరో ఎలా తేల్చేది? చేయాల్సిన సాయం ఇద్దరికీ ఒకటి కాదు కదా.

కారణాల పట్టిక గురించి ఎక్కువ చెప్పను. 2021లో కుటుంబ సమస్యలు 33.2 శాతం, అనారోగ్యం 18.6 శాతం. తెలుగు పత్రికల జిల్లా పేజీ చదివేవాళ్లందరికీ ‘కడుపునొప్పి తాళలేక’ అన్న వాక్యం కంఠస్థం. ఈ కడుపునొప్పి ఏ డాక్టరూ చూడనిది. పోస్టుమార్టం త్వరగా అయిపోవడానికి, ఎవరి మీదా కేసు రాకుండా ఉండటానికి కుటుంబం చెప్పే మాట అది, పోలీసులు కాదనరు. అది మీ దగ్గరికొచ్చేసరికి ‘అనారోగ్యం’ అవుతుంది. అప్పు, తాగుడు, కొట్లాట మూడూ ఉన్న ఇంట్లో ఒకే కారణానికి టిక్కు పెట్టమంటే ‘కుటుంబ సమస్యలు’ అవుతుంది. ఆ కాలమ్‌లో ఒకటికి మించి కారణాలు రాసే వీలు పెట్టండి, చాలు. ఏడాది ఆదాయం కాలమ్ సంగతి కూడా అంతే. 2021లో 64.2 శాతం మంది ఆదాయం లక్ష లోపు అని ఉంది. శవం పక్కన నిలబడి ఆదాయ ధృవీకరణ అడిగేవాళ్లెవరు? కనిపించిన ఇల్లు చూసి రాసేస్తారు.

పిల్లల విషయంలో మాత్రం నాకు ఓపిక తక్కువ. విద్యార్థుల ఆత్మహత్యలు 2013లో 8,423, 2019లో 10,335, 2021లో 13,089, 2023లో 13,892. వయసు వర్గాలు చూద్దామంటే 2014కు ముందు 15 నుంచి 29 ఏళ్లు ఒకే గుంపు. 2014 నుంచి 14–18, 18–30. కొత్త విభజన మేలైనదే, కానీ పాతదానితో అతకదు. అంటే మన దగ్గర కార్పొరేట్ ఇంటర్ కాలేజీలు ఊరూరా పాకిన కాలానికి, 16 ఏళ్ల పిల్లల లెక్క తీయడం సాధ్యం కాదు. పాత రికార్డుల్లో పుట్టిన తేదీయో, వయసో ఉండే ఉంటుంది. గుంపులు కట్టాక పోయిందంతే. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి, 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ఆ ఏడాది మీ నివేదిక 2020 సెప్టెంబరులో వచ్చింది. అప్పటికి తర్వాతి బ్యాచ్ కూడా పాసై వెళ్లిపోయింది.

ఆలస్యం ఇంకా పెరిగింది. 2022 నివేదిక 2023 డిసెంబరులో, 2023 నివేదిక 2025 సెప్టెంబరు చివర్లో వచ్చాయి. జపాన్‌ను చూడండి. అక్కడా లెక్క పోలీసులదే, మీలాగే. కానీ వాళ్లు నెలనెలా ఇస్తారు, వయసు, లింగం, ప్రాంతం వారీగా. 2020 అక్టోబరులో మహిళల ఆత్మహత్యలు అంతకుముందు అక్టోబరు కంటే 80 శాతానికి పైగా పెరిగాయని నవంబరులోనే దేశమంతా తెలిసింది, చర్చ జరిగింది, సహాయక కేంద్రాలకు డబ్బు కదిలింది. 2003లో 34,427 ఉన్న వాళ్ల సంఖ్య 2019కి 20,169కి దిగింది. 2006లో చట్టం చేసుకుని, మున్సిపాలిటీ స్థాయి దాకా లెక్కలు చూసుకుంటూ పనిచేశారు. పోలీసు స్టేషన్లను కలిపే కంప్యూటర్ వ్యవస్థ సీసీటీఎన్‌ఎస్ వచ్చాక మన స్టేషన్లు దాదాపు అన్నీ కంప్యూటర్ మీదే ఉన్నాయి. నెలవారీ తాత్కాలిక లెక్క ఇవ్వడానికి సాంకేతికంగా అడ్డేమిటో మీరే చెప్పాలి.

2022 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం ప్రకటించింది. 2030 నాటికి మరణాలు 10 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. మూడేళ్లలో పటిష్టమైన నిఘా వ్యవస్థ పెడతామని కూడా అందులో ఉంది. ఆ 10 శాతం కొలిచే కొలబద్ద ఇప్పటికైతే మీ పట్టికే. అదే ఏడాది అక్టోబరు 10న ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ మొదలైంది. 14416కు ఎవరైనా, ఏ వేళైనా తెలుగులో ఫోన్ చేసి మాట్లాడొచ్చు. ఈ ఉత్తరం చదువుతున్నవాళ్లలో మనసు బాగోలేనివాళ్లుంటే నా లెక్కలు పక్కన పెట్టి ముందు ఆ నంబరుకు చేయండి. టెలిమానస్ వాళ్లకు కూడా ఏ జిల్లాలో, ఏ వయసువాళ్లకు ప్రచారం పెంచాలో తెలియాలి కదా. మీ నివేదికలో రాష్ట్రాలు, 53 పెద్ద నగరాలు ఉంటాయి, జిల్లాలు ఉండవు.

కాబట్టి నా విన్నపాలు ఇవి. 2001 నుంచి ఇప్పటిదాకా ఉన్న కేసుల రికార్డులను పేరు, ఊరు, చిరునామా తీసేసి, వయసు, లింగం, వృత్తి, కారణం, నెల, జిల్లాతో పరిశోధకులకు ఇవ్వండి. చిన్న మండలంలో ఒక్క కేసే ఉంటే మనిషి దొరికిపోతాడన్న భయం న్యాయమైనదే, అందుకే మండలం వద్దు, జిల్లా చాలు. జిల్లా అన్నప్పుడు మా రెండు రాష్ట్రాలకు ప్రత్యేకంగా ఒక సాయం కావాలి. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31, తర్వాత 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. ప్రతి కేసుకూ పోలీసు స్టేషన్ కోడ్ ఉంటుంది కాబట్టి, దాన్ని పాత జిల్లాకు కూడా ముడిపెట్టి ఇవ్వండి. లేకపోతే పాత మహబూబ్‌నగర్, అనంతపురం వరుసలు అక్కడితో తెగిపోతాయి.

2014 మార్పుకు ఒక వంతెన పట్టిక కట్టాలి. 2012, 2013 ఫైళ్లలోంచి కొన్ని వేల కేసులు నమూనాగా తీసి, వాటిని కొత్త గడుల్లో మళ్లీ రాసి చూస్తే ‘ఇతరులు’ ఎవరో తెలుస్తుంది. కోడ్‌లు మార్చినప్పుడు గణాంక సంస్థలు ఇలాంటి పని చేయడం కొత్తేమీ కాదు. వృత్తి దగ్గర ఒక్క గడి బదులు రెండు ప్రశ్నలు పెట్టండి. గత ఏడాది ఏ పని చేశారు, ఎవరి భూమిలో చేశారు. ఆడవాళ్లకూ అవే ప్రశ్నలు. ‘గృహిణి’ అని రాసేముందు రైటర్ ఈ రెండూ అడగాల్సిందే అన్న సూచన ఫారం మీదే అచ్చువేయండి.

రాష్ట్రాల బ్యూరోలకు ఒక మాట. ఢిల్లీ కదిలేదాకా ఆగనక్కర్లేదు. తెలంగాణలో 2021 నాటి ఆ 4,223 రోజుకూలీల ఫైళ్లు మీ జిల్లా రికార్డుల విభాగాల్లోనే ఉన్నాయి. అందులోంచి 400 ఫైళ్లు లాటరీ పద్ధతిలో తీసి, పంచనామాలో అప్పు ఎవరిది, ఏ పంట, ఎవరి చేను అన్న మాటలు ఉన్నాయేమో చదివించండి. శాంప్లింగ్ ఎలా చేయాలో, ఫలితం ఎలా లెక్కకట్టాలో మేం రాసిస్తాం. సంతకం పెట్టిన గోప్యతా పత్రం ఇస్తాం. మా ఆఖరి సంవత్సరం పిల్లల ప్రాజెక్టులు డిసెంబరులో మొదలవుతాయి, ఆలోగా అనుమతి వస్తే ఈ ఏడాదే పూర్తిచేయొచ్చు.

ఇట్లు,
ఒక స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు,
వరంగల్